ఎడమవైపు నుంచి రాని బంతి

ఆగస్టు 19

బొంగరానికి,

నీ క్షేమం ఆదివారం ఫోనులో విన్నాను కాబట్టి మళ్ళీ అడగను. అడగాల్సింది వేరే ఉంది. దాన్ని ఫోనులో అడగడం నా వల్ల కాదు. నీ గొంతు వింటే నా కోపం సగానికి సగం కరిగిపోతుంది, ఆ తర్వాత నేనేం అనాలనుకున్నానో నాకే గుర్తుండదు. కాగితం మీద ఆ బెడద లేదు.

సీజను మొదలై నాలుగు మ్యాచులు అయ్యాయి. నాలుగూ కింది వాటా టైలరు ఇంట్లో టీవీలో చూశాను. నీ పేరున ఒక్క గోలు లేదు. పోయిన సీజనులో పంతొమ్మిది గోల్సు కొట్టిన పిల్లవు. అదే క్లబ్బు, అదే చొక్కా, అదే మైదానం. ఈసారి చూస్తే గోలు ముందర బస్సు కోసం ఎదురుచూసేదానిలా నిలబడి ఉన్నావు. రెండో మ్యాచిలో నడుము మీద చేతులు కూడా పెట్టుకున్నావు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో జమాఖర్చులు చూసినదాన్ని. నడుము మీద చేతులు పెట్టుకున్న మనిషి దగ్గర పని జరగడం నేనెప్పుడూ చూడలేదు.

టైలరు నీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. పిల్లకు బంతే అందడం లేదమ్మా, ఆమె మాత్రం ఏం చేస్తుంది అన్నాడు. గుడ్డలు రాకపోతే నువ్వు ఊరికే కూర్చుంటావా, వెళ్ళి అడుగుతావా అన్నాను. అతను అడగడని, వాకిట్లో కూర్చుని పేపరు చదువుతాడని నాకూ తెలుసు. అయినా వాదనకు పనికొచ్చింది.

ఇంకో సంగతి. ఎడమకాలితో తప్ప ఆడదని మీరంతా ఎడమక్క అని పిలుచుకునే ఆ పిల్ల, రెండేళ్ళుగా నీకు ఎడమవైపు నుంచి బంతులు అందించిన పిల్ల, సరిగ్గా సీజను ముందు ఇంకో క్లబ్బుకు వెళ్ళిపోయింది. అదీ కింది డివిజను క్లబ్బుకు. ఎంత ఎక్కువ ఇస్తామన్నారో ఏమో. నీతో ఒకే గదిలో ఉంది, మనింటికొచ్చి నా మంచం మీద పడుకుంది, పోయేముందు నాకొక్క మాట చెప్పలేదు. నిన్ను నట్టేట్లో వదిలేసింది. ఆ పిల్ల మీద నాకున్న అభిప్రాయం మార్చుకున్నాను.

నీ సంగతి తేల్చు. ఒంట్లో బాగాలేదా? పని మీద మనసు లేదా? సాకులు రాయకు, కారణాలు రాయి. రెండింటికీ తేడా నీకు చిన్నప్పుడే నేర్పాను.

మన మేడ లిఫ్టు ఇంకా బాగవలేదు. మూడో అంతస్తు నుంచి దిగి, నువ్వు నిలబడి ఉండటం చూసి, మళ్ళీ ఎక్కుతున్నాను. ఆ మెట్లు కూడా నీ ఖాతాలోనే వేశాను. మీ అమ్మకు ఆసుపత్రిలో డ్యూటీల మీద డ్యూటీలు. నీకు ముద్దులు పంపమంది. పంపాను.

జవాబు కోసం చూస్తూ,
అమ్మమ్మ


ఆగస్టు 30

అమ్మమ్మా,

నీ ఉత్తరం భోజనాల గదిలో అందరి ముందూ ఇచ్చారు. కవరు మీద నీ అక్షరాలు చూసి వంటాయన కోర్టు నోటీసా అని అడిగాడు. అలాంటిదే అన్నాను.

నువ్వడిగిన కారణాలు ఇవి. కొత్త కోచ్ వచ్చాడని చెప్పాను కదా, మేం పెద్దసారు అంటాం. పాత సారు ఉన్నప్పుడు ఎడమక్క గీత పక్కనే పరుగెత్తుకెళ్ళి, డిఫెండర్లు సర్దుకునేలోపే బంతిని దగ్గరి గోలుపోస్టు వైపు కొట్టేది. నేను బంతిని చూసేదాన్ని కాదు. ఆమె కుడికాలు చూసేదాన్ని. కుడికాలు నేల మీద ఊనిందంటే ఎడమకాలు కొడుతుందన్నమాట. సరిగ్గా అప్పుడు కదిలితే నేనూ బంతీ ఒకేసారి పోస్టు దగ్గరుంటాం, డిఫెండరు ఒక్క అడుగు వెనక ఉంటుంది. అంతే అమ్మమ్మా, నా విద్య అంతా ఆ ఒక్క అడుగే.

పెద్దసారు ఎడమవైపు కుడికాలి పిల్లను పెట్టాడు. ఆమె గీత చివరిదాకా వెళ్ళదు. మధ్యలోనే లోపలికి తిరిగి తనే గోలుకు కొడుతుంది. మరి నేనేం చేయాలి? గోలుకు వీపు పెట్టి నిలబడి, వెనక నుంచి వచ్చే పొడుగు బంతిని ఆపి, పక్కవాళ్ళకు ఇవ్వాలి. నేనేమో అయిదడుగుల మనిషిని. నా వెనక బీరువాల్లాంటి డిఫెండర్లు. నడుము మీద చేతులన్నావే, అది విసుగు కాదు. ఒక బీరువా మోచేయి తగిలింది.

ఇప్పుడు ఆ పనికి తగిన పొడుగుపిల్లను కొన్నారు. మేం నిచ్చెన అని పేరు పెట్టాం. పోయిన మ్యాచు నుంచి నా చోట ఆమె ఆడుతోంది. నేను బెంచి మీద.

ఎడమక్కను మాత్రం ఏమీ అనకు. అది వేరే సంగతి. తర్వాత చెప్తాను.

నీ బెంచి మీది బొంగరం


సెప్టెంబరు 12

మనవరాలికి,

కారణాలే రాశావు, సాకులు లేవు. నడుము మీద చేతుల విషయంలో నేను తొందరపడ్డాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు, దిక్కు మారిందంతే.

నువ్వు రాసిందే అయినా సరిచూడకుండా నమ్మడం నాకు అలవాటు లేదు. టైలరు పోయిన సీజను మ్యాచులన్నీ దాచిపెట్టుకున్నాడు. అతను కత్తెర పక్కన పెట్టి, నేను కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కోటీ మళ్ళీ చూశాం. నీ పంతొమ్మిదిలో పద్నాలుగు గోల్సు ఎడమక్క కాలి నుంచి వచ్చినవే. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను. ఆమె కుడికాలు ఊనడం, నువ్వు కదలడం, అచ్చం నువ్వు చెప్పినట్టే ఉంది. ఇన్నాళ్ళూ నేను బంతినే చూస్తూ కూర్చున్నాను. లెక్కల్లో ఎంత జాగ్రత్త ఉన్నదాన్నో, ఆటలో అంత గుడ్డిదాన్ని.

ఇప్పుడు మీ క్లబ్బు వ్యవహారం నాకు అర్థమైంది. ఇంట్లో ఒక కుక్కరు ఉండగా, పొయ్యి అమ్మేసి, ఆ డబ్బుతో రెండో కుక్కరు కొన్నారు. ఇక అన్నం ఉడకడం లేదని కుక్కర్లను తిడుతున్నారు. దీన్ని నడిపే పెద్దమనుషులకు ఆఫీసులు, కార్లు, మెడలో గుర్తింపు కార్డులు. మా ప్రెస్సులో ఇలాంటి పని చేసినవాడిని మధ్యాహ్నం టీకి ముందే ఇంటికి పంపేవాళ్ళం.

ఆ నిచ్చెన పిల్ల మీద కూడా నాకు సదభిప్రాయం లేదు. ఇంకొకరి కుర్చీలో కూర్చునేముందు అది ఎవరిదో అడగాలి.

అన్నిటికంటే ఎక్కువ కోపం ఎడమక్క మీద. తను లేకపోతే నీ గతి ఏమవుతుందో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? అయినా వెళ్ళింది. నువ్వేమో "తర్వాత చెప్తాను" అని దాటేశావు. అంటే చెప్పుకోలేనంత బాధ పెట్టిందన్నమాట. నువ్వు మెతకదానివి. నేను కాదు. ఆ క్లబ్బు చిరునామా సంపాదించి ఆమెకు రెండు పేజీల ఉత్తరం రాశాను. ఒక్క దురుసు మాట లేదు. ఉన్నదున్నట్టు రాశాను, అంతే. చదివి తల దించుకోవాలి.

లిఫ్టు బాగుచేసేవాడు వచ్చి, చూసి, తల ఊపి వెళ్ళాడు. తల ఊపడం ఎవరికైనా వచ్చు.

నీ పక్షాన,
అమ్మమ్మ


అక్టోబరు 3

అమ్మమ్మా,

ఎడమక్కకు ఉత్తరం రాయమని నిన్నెవరడిగారు? ఏమీ అనకు అని స్పష్టంగానే రాశాను కదా. అందులో నా పేరు ఎత్తావా? నేను చెబితే రాసినట్టు ఉందా? ఇంకెవరికీ ఏమీ రాయకు. దణ్ణం పెడతాను.

నిచ్చెనను కూడా తిట్టకు. ఆమె ఇప్పుడు నా గదిలోనే, ఎడమక్క మంచం మీదే పడుకుంటోంది. మంచం చాలక పాదాలు బయటికి వస్తాయి. పాపం ఆమె పాత క్లబ్బులో రెండు పక్కల నుంచీ గోలు ముందుకు క్రాసులు, అంటే ఎత్తు బంతులు, వస్తే తలతో గోలుకు కొట్టేది. ఆ గోల్సు చూసే కొన్నారు. ఇక్కడ క్రాసు కొట్టేవాళ్ళే లేరు, ఉన్న ఒక్కదాన్నీ పంపేశారు. రోజూ నన్నడుగుతుంది, మీ దగ్గర బంతి ఎప్పుడొస్తుందే అని. ప్రేక్షకులు నిచ్చెనకు మెట్లు లేవంటూ అరుస్తున్నారు. ఆ పేరు మేం ముద్దుగా పెట్టింది అమ్మమ్మా, వాళ్ళకెలా తెలిసిందో. బాత్రూములో కుళాయి తిప్పి ఏడుస్తుంది, నీళ్ళ చప్పుడులో వినబడదనుకుంటుంది. మూడు బకెట్లు నిండాయి మొన్న.

ఒక మంచి మాట. పెద్దసారు నాకు కొత్త బాధ్యత ఇచ్చాడు. కుడివైపు వింగ్ బ్యాక్. నీ పరుగు చూస్తే ముచ్చటేస్తుంది, ఆ గీత పొడవునా నువ్వే ఉండాలి అన్నాడు. శనివారం మ్యాచి మొత్తం ఆడాను. కాబట్టి నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ మీద అలిగిన,
బొంగరం


అక్టోబరు 11

అలిగిన పిల్లకు,

కొత్త బాధ్యత సంగతి చదివి సంతోషించాను. ఒక మనిషికి మైదానం పొడవునా పని అప్పగించారంటే నమ్మకం కుదిరినట్టే. మా ప్రెస్సులో కూడా రెండు విభాగాలు ఒకరికే ఇచ్చారంటే అది పెద్దరికం కిందే లెక్క. పెద్దసారు గురించి నేను కాస్త కఠినంగా అనుకున్నానేమో. శనివారం మ్యాచి మా టీవీలో రాలేదు, ఈ వారం వస్తుందట.

అక్టోబరు 12

ఉత్తరం పోస్టు చేయకముందే మ్యాచి చూశాను. పైన రాసిందంతా కొట్టేసినట్టు భావించు. నిన్ను పెట్టింది మన గోలు పక్కన. అవతలివాళ్ళ గోలు నీకు కనబడాలంటే దుర్భిణి కావాలి. వింగ్ బ్యాక్ అంటే ఏమిటని టైలరును అడిగితే, గొంతు సవరించుకుని, కాపలా పనమ్మా, మధ్యమధ్యలో ముందుకెళ్ళనిస్తారు అన్నాడు. దీన్నా నువ్వు నాకు మంచి మాట అని రాసింది?

కంసాలి సుత్తితో గుమ్మానికి మేకులు కొట్టిస్తున్నారు. సుత్తి కాబట్టి మేకు దిగుతుంది, పని జరిగిందనే అంటారు. రెండేళ్ళు పోతే ఆ సుత్తి నగకు పనికిరాదు. అప్పుడు ఏ పెద్దసారు జవాబు చెబుతాడు? అప్పటికి అతను ఇంకో క్లబ్బులో ఇంకొకరి సుత్తులు పాడుచేస్తూ ఉంటాడు.

ఎడమక్క దగ్గర నుంచి జవాబొచ్చింది. నేను రెండు పేజీలు రాస్తే ఆమె నాలుగు వాక్యాలు రాసింది. మీకు కోపం రావడం సహజం అమ్మమ్మగారూ, మీ మోకాలు ఎలా ఉంది, బొంగరం బాగా ఆడాలని కోరుకుంటున్నాను, మీ మందుల దుకాణంలో ఆ పాత తైలం దొరక్కపోతే ఇక్కడి నుంచి పంపిస్తాను. అంతే. తనను తాను సమర్థించుకోలేదు. తప్పు చేసినవాళ్ళు ఇలా రాయరు. నాకు ఎక్కడో లెక్క తేడా వస్తోంది.

తేడా వస్తే ఎక్కడ వచ్చిందో అక్కడికే వెళ్ళి అడగాలి. ఈ నెలాఖరున మీ క్లబ్బుకు వస్తున్నాను. నీతో పని లేదు. పెద్దసారుతో పని. ఈమెకు బంతి ఇచ్చే మనిషిని ఎందుకు అమ్మేశారని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. టికెట్టు తీసుకున్నాను.

అమ్మమ్మ


అక్టోబరు 20

అమ్మమ్మా,

రావద్దు. వస్తే ఆ ప్రశ్న అడగొద్దు. అడిగితే ఆయన చెప్పే జవాబు నేనే చెప్తాను, ఆయన నోట నువ్వు వినకూడదు.

జూన్‌లో ప్రాక్టీసు అయ్యాక కోన్లు ఏరుతుంటే పెద్దసారు వచ్చాడు. ఎడమక్కకు మంచి ధర వచ్చిందని, అధ్యక్షుడు అమ్మేద్దామంటున్నాడని చెప్పాడు. ఆమె లేకపోతే నీకేమైనా ఇబ్బందా అని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాకెవరూ అక్కర్లేదు సార్. బంతి ఎవరిచ్చినా కొడతాను."

ఆయన భుజం తట్టి వెళ్ళాడు. నాకు గర్వంగా అనిపించింది, తెలుసా? నేను హాస్టల్లో చేరిన రోజు వాచ్‌మన్ నా ట్రంకు పెట్టె అందుకోబోతే నువ్వు అక్కర్లేదన్నావు. మనిద్దరం పై అంతస్తుదాకా ఈడ్చుకెళ్ళాం. వార్డెనుతో "మా పిల్లకు ఎవరి సాయమూ అక్కర్లేదు" అన్నావు. అప్పుడు నువ్వు చెప్పిన తీరులోనే నేనూ చెప్పాను. నీలాగే వినబడింది నా గొంతు.

తర్వాతి వారం ఆమెను అమ్మేశారు. ఆమె వెళ్తానని అడగలేదు. సామాను సర్దుకుంటూ, సారు నీతో ఏమైనా అన్నాడా అని అడిగింది. నన్నెవరూ అడగలేదు అన్నాను. నమ్మేసింది. పైగా, అడిగి ఉంటే నువ్వు వదిలేదానివి కాదులే అని నా జుట్టు చెదరగొట్టింది. అలాంటి మనిషికి నువ్వు తిట్టి ఉత్తరం రాశావు.

ఇంకొకటి కూడా ఉంది. జనవరిలో ఆటగాళ్ళ బదిలీల గడువు మొదలవుతుంది. ఎడమక్క క్లబ్బువాళ్ళు నన్ను ఆరు నెలలకు అప్పుగా ఇమ్మని అడిగారట. లోన్ అంటారు దాన్ని. అక్కడైతే మళ్ళీ ముందు ఆడొచ్చు. ఇక్కడుంటే వింగ్ బ్యాకే, ఆ మాట పెద్దసారు చెప్పేశాడు. కానీ అక్కడికెళ్తే రోజూ ఆమె మొహం చూడాలి. నేను ఇక్కడే ఉండిపోతాను. కాపలా పని కూడా పనే.

బొంగరం


నవంబరు 4

బొంగరానికి,

నీ ఉత్తరం నేను బయల్దేరిన రోజు పొద్దున అందింది. రైల్లో చదివాను. రావద్దని రాశావు, అయినా వచ్చాను. మీ క్లబ్బులో ఆ పూట అంతా ఉన్నాను. నువ్వు జిమ్ములో ఉన్నావట. చూడకుండానే తిరిగి వచ్చేశాను. చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

పెద్దసారు మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. గోడ మీద పలక, దాని మీద గుండీల్లాంటి అయస్కాంతాలు, ఒక్కోటి ఒక్కో పిల్ల. నేను అడిగిందానికి అతను నువ్వు చెబుతాడన్న జవాబే చెప్పాడు. మీ మనవరాలే అక్కర్లేదందమ్మా అన్నాడు. అప్పుడు నేను అన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"గోడ తీసేస్తే నిలబడతావా అని మేస్త్రీ కప్పును అడుగుతాడా? ఇరవై ఏళ్ళ పిల్ల రోషంతో ఒక మాటంటే అది మీకు సలహా అయిందా? మ్యాచులన్నీ మీ దగ్గరున్నాయి. టైలరు ఇంట్లో కూర్చుని నాకు కనబడింది, జీతం తీసుకుని మీకు కనబడలేదా?"

నా పద్ధతి వేరమ్మా అన్నాడు. పద్ధతి మీది, కాళ్ళు వాళ్ళవి అన్నాను. బంతి ఇచ్చేదాన్ని పంపించి, బంతి అందుకునేదాన్ని కొనుక్కొచ్చి, కొట్టేదాన్ని కాపలాకు పెట్టారు, ఒక్క నిర్ణయంతో ముగ్గురిని పాడుచేశారు అన్నాను. అతను ఒక గుండీని అటూ ఇటూ జరిపాడు. కాసేపటికి, అధ్యక్షుడు ఒకరిని అమ్మితేనే ఒకరిని కొంటానన్నాడని, ఈ సీజను గెలవకపోతే తన గుండీ కూడా తీసేస్తారని చెప్పాడు. అప్పుడు నేను కొంచెం తగ్గాను. కొంచెమే. తన మీద కత్తి ఉన్నవాడికి పక్కవాళ్ళ మెడలు ఇంకా జాగ్రత్తగా కనబడాలి.

కొనడం, అమ్మడం, అప్పివ్వడం. ఈ మూడు మాటలూ నేను కాగితం రీముల గురించి రాశాను, సిరా డబ్బాల గురించి రాశాను. మనుషుల గురించి ఎప్పుడూ రాయలేదు. మీ అందరి నోళ్ళలో అవి ఎంతో మామూలుగా తిరుగుతున్నాయి.

ఇక నీ సంగతి. కోచ్‌తో అన్న మాట రోషం. ఎడమక్కతో అన్న మాట అబద్ధం. మొదటిదాంట్లో నాకు వాటా ఉంది. ఆ ట్రంకు పెట్టె మోసినందుకు నా నడుం నెల రోజులు పట్టేసింది. వాచ్‌మన్‌కు ఇచ్చి ఉండాల్సింది. నీకు ఆ సంగతి చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. రెండోది మాత్రం పూర్తిగా నీది, అందులో నేను పైసా వంతు కూడా తీసుకోను.

కాపలా పని కూడా పనే అని రాశావు. ఆ పని ఇష్టపడి చేసేవాళ్ళకు నేను నమస్కారం పెడతాను. నువ్వు చేస్తున్నది పని కాదు, దాక్కోవడం. వెళ్ళి ఎడమక్కకు నిజం చెప్పు. ఫోనులో వద్దు, ఉత్తరంలో కూడా వద్దు. ఎదురుగా నిలబడి చెప్పు. ఆ తర్వాత ఆ క్లబ్బుకు వెళ్తావో మానతావో నీ ఇష్టం. చెప్పకుండా ఉంటే మాత్రం నాకు ఉత్తరాలు రాయకు.

అమ్మమ్మ


జనవరి 9

అమ్మమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదంటే ఇన్నాళ్ళూ చెప్పలేదన్నమాట. రెండుసార్లు బస్టాండుదాకా వెళ్ళి తిరిగొచ్చాను. మూడోసారి నిచ్చెన నాతో వచ్చి, నేను బస్సెక్కి కూర్చునేదాకా తలుపు దగ్గర నిలబడింది. ఆమె నిలబడితే ఎవరూ దిగలేరు.

వాళ్ళ మైదానం రేకుల ఫ్యాక్టరీ వెనక ఉంటుంది. ఎడమక్క ఒక్కతే మూల నుంచి క్రాసులు కొట్టుకుంటోంది. పెనాల్టీ బాక్సులో ఎవరూ లేరు. నన్ను చూసి నవ్వింది, బాగా నవ్వింది. ఆ నవ్వు ముందరే మొత్తం చెప్పాను. కోన్ల దగ్గర ఏమన్నానో, మంచం దగ్గర ఏమన్నానో.

చాలాసేపు బంతికి అంటిన మట్టి గీకుతూ కూర్చుంది. అక్కర్లేదు అన్నందుకు బాధ లేదే, నేనైనా అలాగే అనేదాన్నేమో అంది. ఆ తర్వాత నా మొహంలోకి చూసి అంది.

"నన్నెవరూ అడగలేదు అన్నావు చూడు, అదే. ఈ ఆరు నెలలూ వాళ్ళందరినీ తిట్టుకున్నాను, నిన్నొక్కదాన్నీ పక్కన పెట్టి. ఇక్కడికి రావాలంటే రా. బంతి ఇస్తాను, అది నా పని. మాట్లాడమని మాత్రం అడక్కు."

సంతకం పెట్టాను అమ్మమ్మా. ఈ క్లబ్బు కోచమ్మ మధ్యాహ్నం స్కూల్లో పాఠాలు చెబుతుంది, సాయంత్రం మాకు. నీకేం కావాలి అని అడిగింది. ఎడమవైపు నుంచి బంతి కావాలి అన్నాను. నాకు ఆమె కావాలి అన్నాను. చెప్తుంటే చెవులు కాలిపోయాయి. పక్క గదిలో ఎడమక్క బూట్లు కట్టుకుంటోంది. విన్నదో లేదో తెలియదు.

పెద్ద క్లబ్బులో నా సామాను సర్దేటప్పుడు పెద్దసారు కనిపించాడు. మీ అమ్మమ్మ ఎలా ఉన్నారు అని అడిగాడు. బాగున్నారు సార్, మీ గురించి అప్పుడప్పుడూ అంటుంటారు అన్నాను. తొందరగా వెళ్ళిపోయాడు.

ఎడమక్క నిజంగానే మాట్లాడటం లేదు. భోజనాల దగ్గర గ్లాసు కూడా పక్కవాళ్ళతో అందిస్తుంది. ఆదివారం మొదటి మ్యాచి.

బొంగరం


జనవరి 21

నా బొంగరానికి,

ముందు కోపం తీర్చుకోనివ్వు. నిన్నటి పేపరులో మీ పెద్ద క్లబ్బు అధ్యక్షుడు మాట్లాడాడు. గోల్సు కొట్టాల్సిన మా ఫార్వర్డ్లలో ఆకలి లేదు అన్నాడు. వడ్డించేదాన్ని వెళ్ళగొట్టి, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకు ఆకలి లేదంటాడు. నిచ్చెనను కూడా ఎవరికో అప్పివ్వబోతున్నారట. ఆ పిల్ల చిరునామా నాకు పంపు. తిట్టడానికి కాదు. కుర్చీ ఎవరిదో అడగలేదని ఆమె మీద ఒక మాట అన్నాను, ఆ పిల్లను కూడా తెచ్చి కూర్చోబెట్టారని ఇప్పుడు తెలుసు. మంచం పొడుగ్గా ఉండే క్లబ్బు ఏదైనా దొరికితే చెప్పమని టైలరుకు కూడా చెప్పాను. అతను సీరియస్‌గా తీసుకుని వాకబు చేస్తున్నాడు.

ఇక ఆదివారం సంగతి. మీ కొత్త క్లబ్బు మ్యాచులు టీవీలో రావని తెలిసి, టైలరును వెంటబెట్టుకుని నేనే వచ్చాను. నీకు చెప్పలేదు. చెబితే నా కోసం ఆడతావు, నీ కోసం ఆడవు.

గేటు దగ్గరే ఎడమక్క ఎదురైంది. నేను రాసినవన్నీ తప్పని ఆమెతో చెప్పాను. క్షమాపణ అడగడం నాకు అలవాటు లేని పని, మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆమె శ్రద్ధగా విని, ఎన్ని తిట్లున్నా మీ అక్షరం ముత్యాల్లా ఉంది అమ్మమ్మగారూ, పడేయబుద్ధి కాలేదు అంది. నీ పేరు ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది నా పని కాదు.

ఎండ పడని బెంచి ఎడమ గీత పక్కన ఒక్కటే ఉంది. అక్కడ కూర్చున్నాం. కాబట్టి మొదటి సగమంతా నేను నీకంటే ఆమెనే ఎక్కువ చూశాను. ఎంత పరుగు, ఎంత ఊపిరి. టీవీలో ఇదేదీ వినబడదు. నువ్వు రెండుసార్లు ఆలస్యంగా కదిలావు, ఆమె కాలు చూడకుండా మొహం చూస్తున్నావు గనక. మూడోసారి కాలు చూశావు. ఆమె కుడికాలు ఊనింది, అంతే, నువ్వు ఉన్నచోట లేవు, పోస్టు దగ్గరున్నావు. గోలు ఎలా పడిందో నీకు తెలుసు. టైలరు నా భుజం పట్టుకుని ఊపేశాడు, తర్వాత భయపడి చెయ్యి తీశాడు.

అందరూ పరుగెత్తుకొచ్చి నీ మీద పడ్డారు. ఆమె రాలేదు. నువ్వు ఆ గుంపులోంచి మెడ చాచి ఆమె కోసం వెతకడం చూశాను. ఆమె మీ అందరికీ వీపు పెట్టి, సాక్సు సరిచేసుకునే మిషతో మా వైపు తిరిగి వంగింది. ఆ మొహం ఆ మైదానంలో నాకొక్కదానికే కనబడింది.

అందులో ఏం చూశానో నీకు చెప్పను. బతిమాలినా చెప్పను, ఫోనులో ఏడ్చినా చెప్పను. అది ఆమె సొత్తు. నీకు ఎప్పుడివ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో, ఆమె ఇష్టం. తొందరపెట్టకు. గ్లాసు పక్కవాళ్ళతో అందిస్తే తీసుకుని తాగు. వచ్చే ఆదివారం ఆమె మొహం వైపు చూడకుండా, కాలు చూసి కదులు.

అమ్మమ్మ